గీదం దారిలో అడ్డుమాటలు

ఛత్తీస్‌గఢ్ దక్షిణాన, బస్తర్‌లోని జగదల్‌పూర్ నుంచి పడమరగా వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి గీదంలో చీలుతుంది. ఒక దారి దంతెవాడ, బచేలీ మీదుగా కిరందూల్ ఇనుప గనులకు పోతుంది. ఇంకొకటి భైరంగఢ్, బీజాపూర్ దాటి భోపాలపట్నం చేరి, అక్కణ్ణుంచి తెలంగాణలో దిగుతుంది. మూడోది బార్సూర్ వైపు, ఇంద్రావతి ఒడ్డుకు. కొత్తవలస-కిరందూల్ రైలుమార్గం కూడా ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. ఇన్ని దార్లు కలిసిన చోట దారికి అడ్డం పెట్టేవాళ్ళు లేకుండా ఎలా ఉంటారు? రైలు పట్టాల దగ్గర ఫాటక్, అడవిలోకి తిరిగే చోట అటవీశాఖ నాకా, పోలీసుల బ్యారికేడ్, బలగాల క్యాంపు చుట్టూ ముళ్ల తీగ, ఆ పక్కనే ఎవరిదో పెరటికి వెదురు దడి. వీటన్నిటినీ తెలుగు లారీ డ్రైవరు ఒకే ముక్కలో తేల్చేస్తాడు: "గేటు పడింది."

డ్రైవరుకు ఆ ముక్క చాలు. రాసేవాళ్ళకు చాలదు. దారిని మూసే వాటికి మనం వాడే పేర్లను పక్కపక్కన పెడితే రెండు వంశాలు తేలతాయి. ఒక వంశం పేర్లు అడ్డాన్ని దేనితో కట్టారో చెబుతాయి. రెండో వంశం పేర్లు ఎవరి హుకుంతో ఆపారో చెబుతాయి, ఒక్కోసారి అదీ చెప్పవు. మొదటి వంశం పశువుల కోసం పుట్టింది. రెండోది మనుషుల కోసం. ఈ రెండింటినీ బస్తర్‌లోనూ, బస్తర్‌కు ఆనుకున్న తెలుగు మన్యంలోనూ పోల్చి చూడటమే ఇక్కడి పని. నా మొగ్గు ఎటో దాచను: మొదటి వంశానికి నిజాయితీ ఎక్కువ.

కంచె, దడి, తడిక, కంప, కట్ట. నిలువు కర్రలు పాతి, అడ్డంగా బద్దలు వేసి, ఆకో కందికట్టెలో నింపి బిగిస్తే దడి. వెదురు పేళ్ళు అల్లితే తడిక. ఆనించి కడితే అది గోడ, ఎత్తి పక్కన పెడితే వాకిలి. నరికి తెచ్చిన తుమ్మకొమ్మలో రేగుకొమ్మలో దారిలో పడేస్తే కంప. కంపకు పునాది అక్కర్లేదు, మేస్త్రీ అక్కర్లేదు, ఒక కత్తీ చేతికి గుడ్డా ఉంటే చాలు. ఈ పేరు పలికితే వస్తువు కళ్ళకు కడుతుంది. అది ఎంతకాలం ఉంటుందో కూడా తెలుస్తుంది. చెదలు పట్టేదాకా దడి, ఎండి విరిగేదాకా కంప. వీటిలో ఏదీ శాశ్వతమని చెప్పుకోదు. ఏటా వానలకు ముందు మళ్ళీ కట్టుకోవాల్సిందే.

గీదం చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి వెనక ఉండే కూరపాదుల జాగాను బాడీ అంటారు. దాని చుట్టూ ఉండే కంచె బాడ్. మన దొడ్డి కూడా అంతే కదా: పశువులను కట్టే చోటూ దొడ్డే, ఇంటి వెనక జాగా కూడా దొడ్డే. 2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం "నరువా, గరువా, ఘురువా, బాడీ" అని ఒక పథకం పెట్టింది. వాగు, పశువు, ఎరువుకుప్ప, పెరడు. అధికారభాషలో ఇంత మట్టివాసన అరుదు. ఆ మరుసటి ఏడాది "రోకా-ఛేకా" అని ఇంకొకటి వచ్చింది. ఇది ప్రభుత్వం కనిపెట్టింది కాదు, అక్కడి పాత ఆచారం. ఖరీఫ్ విత్తనాలకు ముందు ఊరంతా కూర్చుని, ఇక పశువులను విచ్చలవిడిగా వదలమని ఒప్పుకుంటారు. ముల్లు లేదు, తీగ లేదు, ఊరి మాటే కంచె. మన పల్లెల్లో విత్తులు పడే వేళకు టముకు వేయించి "గొడ్లను కట్టేసుకోండహో" అనిపించడం ఇదే పద్ధతి. మాట తప్పినవాడి గొడ్డు బందెలదొడ్డికి పోయేది, హిందీలో కాంజీ హౌస్‌కు. రెండింటి వెనకా ఉన్న చట్టం ఒకటే, 1871 నాటి పశు అతిక్రమణ చట్టం. తోటలో పడ్డ గేదెను తోలుకుపోయి పెడతారు, యజమాని జుల్మానా కట్టి విడిపించుకుంటాడు. నేరం గేదెది, శిక్ష మనిషి జేబుకు. అందులో తిట్లూ బతిమాలడాలూ బోలెడు ఉండేవి, తుపాకి మాత్రం ఉండేది కాదు.

ముల్లు మనిషి మీదికి ఎప్పుడు తిరిగిందో చరిత్రలో వెతికితే ఉప్పు దగ్గర దొరుకుతుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు, జనం ఉప్పు పన్ను ఎగ్గొట్టకుండా, దేశం నడిమధ్యన ఒక కంచె పెంచారు. 1870ల నాటికి ఆ సుంకం గీత సింధునది ఒడ్డు నుంచి మహానది దాకా సుమారు 4,000 కిలోమీటర్లు సాగింది. అందులో చాలా మేర బతికున్న ముళ్ల చెట్లే: రేగు, తుమ్మ, వాక, జెముడు. కాపలాకు 12,000 మందికి పైగా. ఆ గీతకు కమిషనరుగా పనిచేసిన వాళ్ళలో అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ ఒకరు, తర్వాత 1885లో కాంగ్రెస్ పెట్టిన హ్యూమే. 1879లో ఆ గీతను ఎత్తేశారు. రాయ్ మాక్సమ్ అనే ఆయన వెతుక్కుంటూ తిరిగి 2001లో దాని మీద పుస్తకం వేసేదాకా మనవాళ్ళెవరికీ అది గుర్తే లేదు. చేలో గొడ్లు పడకుండా రైతు వేసుకునే రేగుకంపే అక్కడా ఉంది. ఉప్పుమూట నెత్తిన పెట్టుకున్న మనిషిని ఆపడానికి వేశారు, అంతే తేడా. ఆ రెండో దాన్ని కంచె అనబుద్ధి కాదు. పేరు నిలిచినా పని మారిపోయింది.

ముళ్ల తీగ కథా ఇదే. 1874లో అమెరికాలోని ఇల్లినాయ్ రైతు జోసెఫ్ గ్లిడెన్ పేటెంటు తీసుకున్నది ఆవులు పొలంలోకి రాకుండా. పాతికేళ్ళు తిరిగేసరికి దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఆ తీగనే మైళ్ళకొద్దీ లాగి మనుషులను గుంపులుగా కట్టేసింది. బస్తర్‌కు అది ఇంకా ఆలస్యంగా వచ్చింది, వచ్చాక మాత్రం చుట్టలు చుట్టలుగా వచ్చింది. 2003లో నక్సలైట్లు గీదం పోలీస్ స్టేషన్ మీద పడి ఆయుధాలు ఎత్తుకుపోయారు. ఆ తర్వాత ఈ ప్రాంతంలో ఠాణా అంటే ఇసుకబస్తాలు, కావలి బురుజు, చుట్టూ తీగ. తీగకు ఖాళీ సీసాలో డబ్బాలో వేలాడదీసే పద్ధతి ఒకటుంది. ఎవరైనా తాకితే చప్పుడవుతుంది. తోటలో పిట్టలను తోలడానికి మన రైతులు కట్టే డబ్బాలే అవి. తీగే కాదు, దాని ఉపకరణాలు కూడా చేలోంచే వచ్చాయన్నమాట.

ఇక రెండో వంశం. నాకా, చౌకీ, చెక్‌పోస్టు, బ్యారియర్, రిజర్వు, నిషిద్ధ ప్రాంతం. వీటిలో వస్తువు కనపడదు. కానీ నిజానికి వస్తువు ఉంది, అదేమిటో దగ్గరికెళ్ళి చూడాలి. అడవిదారి మొదట్లో అటవీశాఖ వాళ్ళు పెట్టే నాకా ఏమిటి? రెండు గుంజలు, వాటి మీద ఎరుపూ తెలుపూ పట్టీలు వేసిన ఒక పొడుగు దుంగ. దుంగ మొదట్లో ఒక బండరాయి కట్టి ఉంటుంది, కొసకు తాడు. తాడు వదిలితే రాయి బరువుకు దుంగ లేస్తుంది, లాగి కట్టేస్తే దిగుతుంది. ఏతాం తెలిసిన ఏ రైతైనా పూటలో చేసి పెట్టగలడు. పక్కన రేకుల గది, గదిలో రిజిస్టరు, గోడ మీద "వనోపజ్ జాంచ్ నాకా" అని అక్షరాలు. దుంగను దాటడం కష్టం కాదు, వంగితే అయిపోతుంది. దాటనివ్వనిది రిజిస్టరు. ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు, కలప, ఏది మూటకట్టుకున్నా ఎవరిది, ఎక్కడిది, కాగితం ఏది అని అది అడుగుతుంది.

ఈ ప్రశ్న అడవిలోకి ఎలా వచ్చిందో బస్తర్ చరిత్రలో తేదీలతో సహా ఉంది. 1905లో ఇంగ్లీషు ప్రభుత్వం బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలని తలపెట్టింది. పోడు, వేట, అడవి సరుకు ఏరుకోవడం అన్నీ నేరాలు కాబోతున్నాయి. 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. మామిడికొమ్మ, మట్టిముద్ద, మిరపకాయలు, బాణాలు ఊరూరా తిరిగాయి. సైన్యం వచ్చి అణిచింది. అయినా తిరుగుబాటుకు ఫలితం లేకపోలేదు: రిజర్వు పని కొన్నాళ్ళు ఆగింది, రిజర్వు చేయదలచిన మేర ముందు అనుకున్నదానిలో దాదాపు సగానికి తగ్గింది.

అంతకు ముందు ఆ అడవికి హద్దులే లేవా అంటే, ఉన్నాయి. ఇదే ఈ పోలికలో కీలకం. బస్తర్‌లో ప్రతి ఊరికీ తన అడవి, తన కొండ, తన నది అని లెక్క ఉండేది. ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరి అడవిలో కర్ర కొట్టుకోవాలంటే ఆ ఊరికి కొంచెం రుసుము ఇచ్చేవారు. దాన్ని దేవసారి అనీ, దండ్ అనీ, మాన్ అనీ అనేవారు. కొన్ని ఊళ్ళు అడవికి కావలి పెట్టుకుని ఇంటికింత ధాన్యం వేసి కావలివాడికి ఇచ్చేవి. అంటే హద్దు ఉంది, కావలి ఉంది, రుసుమూ ఉంది. నాకా దగ్గర ఉన్నవన్నీ అక్కడా ఉన్నాయి. లేనిది ఒక్కటే, రుసుము పుచ్చుకునేవాడు రేపు ఇచ్చేవాడు కూడా కావచ్చు. ఇవాళ మీ అడవిలో నేను, ఎల్లుండి మా అడవిలో నువ్వు. రిజర్వులో ఆ వంతు తిరగదు. తెలుగువైపు 1882 నాటి మద్రాసు అటవీచట్టం రంపలోనూ, మన్యంలోనూ ఈ పనే చేసింది. 1922-24 నాటి అల్లూరి పోరాటాన్ని అడవి ఆంక్షల నుంచి విడదీసి చెప్పలేం.

వంతు తిరిగే అడ్డం ఎలా ఉంటుందో ఇప్పటికీ చూడాలంటే వేసవి మొదట్లో వెళ్ళాలి. బస్తర్‌లో బీజ్ పండుమ్ అనీ, మాటీ తిహార్ అనీ విత్తనాల పండగ జరుగుతుంది. ఆ రోజుల్లో పల్లెవాళ్ళు రోడ్డుకు అడ్డంగా తాడో వెదురుబొంగో పట్టుకుని నిలబడతారు. బండి ఆగుతుంది. పదో ఇరవయ్యో ఇస్తే బొంగు లేస్తుంది. దాన్నీ నాకా అనే అంటారు! అదే వారాల్లో మన అరకు, పాడేరు వైపు ఇటుకల పండగ. విత్తనాలకు పూజ చేసి మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళు రోడ్డెక్కుతారు. రోడ్డు మీద ఒక కర్ర అడ్డం, దాని వెనక థింసా అడుగులు, పాట. కారాపితే "పజ్జోరు" ఇమ్మంటారు. ఇవ్వందే కదలనివ్వరు. వేట దొరక్క ఒట్టి చేతులతో వచ్చిన మగవాళ్ళ గతి ఇంకా ఘోరం, వాళ్ళ మీద పేడనీళ్ళు పడతాయి.

ఈ రెండు పండగలనూ పక్కపక్కన పెడితే ముచ్చట తీరదు. రెండూ విత్తనాల పండగలే. రెండింటిలోనూ అడ్డుకర్ర ఉంది, దాటేవాడి జేబులోంచి కాసు రాలాలి. కానీ బస్తర్‌లో పండగ ఆ అడ్డానికి ప్రభుత్వం పేరు అరువు తెచ్చుకుంది, నాకా అంది. పాడేరువైపు అడ్డుకర్రకు ఏ పేరు పెట్టినా వసూలుకు మాత్రం తమ పేరే ఉంచుకున్నారు. మొదటిది వెక్కిరింత అనిపిస్తుంది నాకు. ఏడాది పొడుగునా తమను ఆపి మూటలు విప్పించే నాకాను ఒక్కరోజు తమ చేతుల్లోకి తీసుకుని, జీపుల్లో పోయే పెద్దమనుషులను ఆపడం. వాళ్ళు అలా అనుకుని చేస్తారని చెప్పను, పాత ఆచారానికి కొత్త పేరు అంటుకుందంతే కావచ్చు. కానీ దూరం నుంచి చూసేవాడికి ఆ అనుమానం రాకపోతే అది చూపు లోపమే. నగరాల నుంచి వచ్చిన పర్యాటకులు ఈ వసూళ్ళను "దారిదోపిడీ" అని విసుక్కుంటుంటారు. టోల్‌గేటు దగ్గర మాత్రం ఏమీ అనకుండా ఫాస్టాగ్‌తో కట్టేసి పోతారు.

పెద్ద గోడల సంగతి త్వరగా ముగిస్తాను. తెలంగాణలో గడీ, ఇక్కడ గఢ్, మాట ఒకటే. ఛత్తీస్‌గఢ్ అంటే 36 కోటలని అందరూ చెప్పే అర్థం. బస్తర్‌లో గఢ్ చాలా చోట్ల ఊరి పేరు చివర తోకగా మిగిలిపోయింది. తెలంగాణలో గడీ ఇంకా ఉలిక్కిపడే మాట. దొర గడీ ముందు నుంచి చెప్పులు చేతబట్టుకుని నడిచిన జ్ఞాపకం ఇంకా చల్లారలేదు. కోట పాతబడితే చరిత్ర అవుతుంది, దాని ముందు వంగిన నడుములు బతికున్నంతకాలం కాదు. గడపల విషయం వేరు. దంతెవాడలో శంఖిని, డంకిని కలిసే చోట దంతేశ్వరి గుడి ఉంది. లోపలికి ప్యాంటుతో పోనివ్వరు, పంచో లుంగీయో కట్టుకోవాలి. అక్కడే లుంగీలు దొరుకుతాయి కూడా. ఓరుగల్లు నుంచి అన్నమదేవుడు వెంటతెచ్చిన దేవతగా బస్తర్ రాజవంశం చెప్పుకునే అమ్మవారు. ఆ అన్నమదేవుడి వంశానికి పెద్ద అయిన కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుల సరుకును ఇకమీద రాజు లాక్కోడు, న్యాయమైన సుంకమే తీసుకుంటాడు అని. రేవు కూడా ఒక నాకాయే. కానీ అక్కడ ఆపేవాడు తన చేతులు తానే కట్టేసుకుని, ఆ సంగతి రాయి మీద చెక్కించాడు. రెండో వంశంలో నాకు నచ్చినది ఇదొక్కటే: ఎంత తీసుకుంటానో, ఏం తీసుకోనో ముందే చెప్పే నాకా.

ఇప్పుడు గోతుల దగ్గరికి వద్దాం. రెండు దశాబ్దాల పాటు దక్షిణ బస్తర్‌లో మావోయిస్టులు రోడ్లకు అడ్డంగా కందకాలు తవ్వారు, చెట్లు నరికి పడేశారు. బంద్ పిలుపు వస్తే విశాఖ-కిరందూల్ ప్యాసింజరు దంతెవాడతో ఆగిపోయేది, ఒక్కోసారి జగదల్‌పూర్‌తోనే. అదే కాలంలో గోదావరికి ఇవతల, భద్రాద్రి, ములుగు జిల్లాల్లో అటవీశాఖ కందకాలు తవ్వింది, పోడుభూములకు అడవికి మధ్య. అక్కడ పోడు కొట్టుకున్నవాళ్ళలో చాలామంది 2005 జూన్‌లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వం అండతో సల్వాజుడుం దళాలు మొదలయ్యాక బస్తర్ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయలు. మట్టిలో తవ్విన ఈ రెండు గోతులకూ తేడా ఏముంది? ఒకటి జీపును ఆపుతుంది, రెండోది నాగలిని. కానీ మన పత్రికల్లో మొదటి గోతి "విధ్వంసం", రెండోది "అటవీ సంరక్షణ". మొదటిదాన్ని "తవ్వేశారు", రెండోదాన్ని "ట్రెంచి పనులు చేపట్టారు". ఆ బస్తర్ మనిషి ఒక గోతిని దాటి వచ్చి ఇంకో గోతి ముందు నిలబడ్డాడు. రెండూ గోతులే అని రాస్తే ఏ పక్షానికీ నచ్చదు, అందుకే ఎవరూ అలా రాయరు.

ఈ భాషను ఇంకొంచెం తరచి చూస్తే పద్ధతి ఒకటి బయటపడుతుంది. ఆందోళనకారులు "అడ్డుకున్నారు", పోలీసులు "నిలువరించారు", మావోయిస్టులు "దిగ్బంధించారు". ముగ్గురూ చేసింది మనుషులను ఆపడమే. 2021 మేలో బీజాపూర్-సుక్మా సరిహద్దులోని సిల్గేర్‌లో కొత్త క్యాంపు వద్దని వేలమంది ఆదివాసీలు దాని ముందు కూర్చున్నారు. మే 17న కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. క్యాంపు తమ దారిని మూసిందని ఊరివాళ్ళన్నారు. ఊరివాళ్ళు దారి మూశారని ప్రభుత్వం అంది. అక్కడ తీగ ఎటువైపు ఉందో, దుంగ ఎటువైపు ఉందో రాసిన వార్త చదివితే పాఠకుడు తానే తేల్చుకోగలడు. "ఉద్రిక్తత నెలకొంది" అన్న వార్తతో తేల్చుకునేదేమీ లేదు.

సల్వాజుడుం శిబిరాల సంగతి ఇంకా తిరకాసు. రోడ్ల పక్కన శిబిరాలు వెలిశాయి, లోపలి పల్లెల నుంచి జనాన్ని తెచ్చి వాటిలో పెట్టారు. వాటి చుట్టూ ఉన్న కంచె బయటివాళ్ళు లోపలికి రాకుండానా, లోపలివాళ్ళు బయటికి పోకుండానా? "శిబిరం" అన్న మాట ఆ ప్రశ్నే రానివ్వదు. దొడ్డి అని ఉంటే వచ్చేది. 2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగవిరుద్ధమని తీర్పిచ్చింది.

కనపడని కంచెలు కూడా ఉన్నాయి. బార్సూర్ దగ్గర ఇంద్రావతి దాటితే అబూజ్‌మాడ్ మొదలవుతుంది. 1980ల మొదట్లో బయటివాళ్ళు అందులోకి వెళ్ళకుండా ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. 2009లో ఎత్తేసింది. పాతికేళ్ళకు పైగా ఉన్న ఆ అడ్డానికి దుంగ లేదు, తీగ లేదు. ఆదివాసీల బతుకును బయటి కళ్ళ నుంచి కాపాడటానికే అన్నారు. ఈశాన్యంలో 1873 నాటి నిబంధనతో వచ్చిన, అనుమతి లేనిదే బయటివాళ్ళను రానివ్వని ఇన్నర్ లైన్‌ను దీని పక్కన పెట్టి చూడండి. అది కూడా తెల్లవాళ్ళు తమ తేయాకు తోటల లెక్కలతో గీసిన గీతే. కానీ నాగాలాండ్, మిజోరం, అరుణాచల్ ప్రజలు దాన్ని తమది చేసుకున్నారు, వదలమన్నారు. 2019 డిసెంబరులో మణిపూర్ కూడా అడిగి తెచ్చుకుంది. అబూజ్‌మాడ్ కంచెను పెట్టేటప్పుడు అక్కడి మాడియా ఆదివాసీలను అడిగినవాళ్ళు లేరు, తీసేటప్పుడూ లేరు. కాపాడే కంచెకూ బంధించే కంచెకూ తేడా అక్కడ ఉంది. రాజ్యాంగం 19వ అధికరణం షెడ్యూల్డు తెగల ప్రయోజనం కోసం రాకపోకల మీద ఆంక్షలు పెట్టనిస్తుంది. ఎవరు పెట్టాలి అన్న దగ్గరే పేచీ. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు పెద్దపీట వేసింది. 2018లో జార్ఖండ్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని జశ్‌పూర్‌కు పాకిన పత్థల్‌గడీ ఉద్యమం, ఆ చట్టాన్నీ ఐదో షెడ్యూలునూ రాళ్ళ మీద చెక్కి ఊరి మొదట్లో పాతి, అనుమతి లేనిదే బయటివాళ్ళు రావద్దంది. మన బొడ్రాయి ఊరి నడుమ ఉంటుంది. ప్రతిష్ఠ రోజున పొలిమేర చుట్టూ బలి చల్లేవేళ బయటివాళ్ళను రానివ్వరు, మర్నాటికి అంతా మామూలే. ఒక రాయి ఒక్కరోజు మూసి ఏళ్ళకేళ్ళు తెరిచి ఉంచుతుంది. ఇంకో రాయి మూసే ఉంచుతానంటుంది. పత్థల్‌గడీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ రాయికి తెరుచుకోవడం తెలియాలి, లేకపోతే అదీ ఒక చెక్‌పోస్టే.

2020 మార్చిలో ఈ మాటలన్నీ ఒక్కసారిగా రోడ్డున పడ్డాయి. లాక్‌డౌన్ ప్రకటించగానే తెలుగు పల్లెలు పొలిమేరలో కంప కొట్టాయి, బండలు దొర్లించాయి, ఎడ్లబండ్లు అడ్డం పెట్టాయి. బస్తర్ పల్లెలు చెట్లు నరికి దార్లు మూసుకున్నాయి. పైన ప్రభుత్వం వేసిన బ్యారికేడ్లు, కింద ఊరివాళ్ళు వేసిన కంప. ఏటా శీతాకాలం చివర్లో బస్తర్ నుంచి వేలమంది మిర్చి కోతలకు ములుగు, భద్రాద్రి జిల్లాలకు వస్తారు. ఆ ఏడు కోతలకొచ్చినవాళ్ళు ఇరుక్కుపోయారు. రోడ్డు మీద ఆపుతున్నారని అడవిదారి పట్టారు. బీజాపూర్ జిల్లాకు చెందిన 12 ఏళ్ళ పిల్ల, ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి సుమారు 150 కిలోమీటర్లు నడిచి, ఏప్రిల్ 18న ఇల్లు ఇంకొంచెం దూరం ఉందనగా కన్నుమూసింది. ఆ పిల్లను ఆపింది కంపా బ్యారికేడా అని విడదీయలేం. ఇన్నాళ్ళూ మొదటి వంశాన్ని వెనకేసుకొచ్చిన నేను ఇక్కడ ఒప్పుకోవాల్సింది ఉంది: కంప కొట్టిన చేతులన్నీ అమాయకం కావు. కాకపోతే కంప విషయంలో ఎవరు కొట్టారో ఊరందరికీ తెలుసు, మర్నాడు నిలదీయొచ్చు, చాలాచోట్ల వారాల్లోనే తీయించారు కూడా. బ్యారికేడును ఎవరిని అడగాలి? 2021 మేలో ఆంధ్ర అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేటు దగ్గర తెలంగాణ ఆపినప్పుడు అడగడానికి హైకోర్టుదాకా పోవాల్సి వచ్చింది.

మన సినిమాల్లో ఈ సరుకు మీద సూటిగా చేయిపెట్టింది క్రిష్ తీసిన "కంచె", 2015లో. ఊరిని కులాల మధ్య రెండుగా చీల్చిన కంచెను రెండో ప్రపంచయుద్ధం పక్కన పెట్టాడు. జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఊరి దడినీ యుద్ధభూమి ముళ్ల తీగనూ ఒకే చరిత్రలో చూడగలగడం దాని బలం. కంచె కట్టిన కర్ర ఎవరి చెట్టుది, పాతింది ఎవరి కూలీ అన్నది పట్టించుకోకపోవడం లోటు. ఆ ప్రశ్నలతో తెరకంటే పత్రికకే ఎక్కువ పని. 

అందుకే పత్రికల్లో పనిచేసే మిత్రులకు ఒక మనవి. దంతెవాడ నుంచో, భద్రాచలం నుంచో వార్త వచ్చి "రాకపోకలు నిలిచిపోయాయి" అని శీర్షిక పెట్టబోతున్నప్పుడు, విలేకరికి ఒక్క ఫోను చేయండి. అడ్డం ఏమిటి, దుంగా, తీగా, గొయ్యా, కంపా, కాగితమా? ఎవరు పెట్టారు? ఎవరిని ఆపింది, ఎవరిని పోనిచ్చింది? ఈ మూడూ మొదటి పేరాలోనే రాయండి. జాగా లేకపోతే "ఉద్రిక్తత" తీసేయండి.